ప్లాగ్ 8 శాతం, ఏఐ 46 శాతం: కాలేజీల్లో ఈ రెండు లెక్కలూ ఎక్కడ తేడా కొడుతున్నాయి

క్లుప్తంగా: కాలేజీల్లో చాట్‌జీపీటీ లాంటి జెనరేటివ్ ఏఐ మీద నడుస్తున్న గొడవలో మూడు వేర్వేరు విషయాలు ఒకే ముద్దగా కలిసిపోయాయి. రాసింది ఎవరు అన్నది ఒకటి, రాసినదాంట్లో నిజమెంత అన్నది ఇంకోటి, టైప్ చేసిన డేటా ఎక్కడికి పోయింది అన్నది మూడోది. ఇది ఏఐ రాసిందా అని చూసే డిటెక్టర్ సాఫ్ట్‌వేర్ ఇచ్చే శాతం మొదటిదానికి ఒక అంచనా, అంతే. మిగతా రెండింటికీ దానికీ సంబంధం లేదు, నష్టం ఎక్కువగా జరిగేది మాత్రం ఆ రెండింట్లోనే.

ఇప్పుడే ఎందుకింత గోల

విజయవాడ పక్కన కానూరు నుంచి మొదలెట్టి వడ్డేశ్వరం, నీరుకొండ, నంబూరు, అటు గుంటూరు వైపు వడ్లమూడి దాకా చూస్తే గంట, గంటన్నర ప్రయాణం లోపే బోలెడు యూనివర్సిటీలు, ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్న బెల్ట్ ఇది. ఫైనలియర్ ప్రాజెక్టుల సీజన్ వస్తే బెంజ్ సర్కిల్ అయినా బ్రాడీపేట అయినా బైండింగ్ షాపుల్లో వినపడే మాట ఒకటే, ప్లాగ్ (ప్లేజియరిజం, అంటే కాపీ శాతం) ఎంతొచ్చింది అని. ఇప్పుడు దాని పక్కన రెండో ప్రశ్న చేరింది, ఏఐ ఎంతొచ్చింది అని.

చాట్‌జీపీటీ 2022 నవంబర్ 30న వచ్చింది కానీ మొదట్లో మంచి మోడల్ కావాలంటే నెలకి 20 డాలర్లు కట్టాల్సి వచ్చేది కాబట్టి క్లాసులో ఏ ఒకరిద్దరో కొంటే మిగతావాళ్లు ఫ్రీ వెర్షన్‌తో సరిపెట్టుకునేవాళ్లు. 2025లో సీన్ మారింది. జులైలో ఎయిర్‌టెల్ తన కస్టమర్లకి పర్‌ప్లెక్సిటీ ప్రో ఏడాది ఫ్రీ అంది, అదే నెలలో గూగుల్ స్టూడెంట్లకి జెమిని ప్రో ప్లాన్ ఏడాది ఫ్రీ అంది, అక్టోబర్ చివర్లో జియో వచ్చి 18 నుంచి 25 ఏళ్ల వాళ్లతో మొదలుపెట్టి జెమిని ప్రో 18 నెలలు ఇస్తామంది, నవంబర్ 4 నుంచి చాట్‌జీపీటీ గో కూడా ఏడాది ఫ్రీ అన్నారు. అంటే నాలుగైదు నెలల తేడాలో హాస్టల్లో ప్రతి ఫోన్లోకీ పెయిడ్ మోడల్ వచ్చి కూర్చుంది. కాలేజీల రూల్స్ మాత్రం 2018 దగ్గరే ఉన్నాయి.

శాతం గుర్తు ఒకటే, లెక్క మాత్రం వేరు

యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ 2018లో ప్లేజియరిజం మీద రెగ్యులేషన్స్ ఇచ్చింది. థీసిస్, డిసర్టేషన్లకి అందులో ఉన్న మెట్లు ఇవి: సిమిలారిటీ 10 శాతం వరకు ఉంటే పెనాల్టీ లేదు, 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలల్లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి, 40 దాటి 60 వరకు ఉంటే ఏడాది పాటు సబ్మిట్ చేయనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే క్యాన్సిల్. రిఫరెన్సులు, విషయసూచిక, చట్టాల పేర్లు, స్టాండర్డ్ ఈక్వేషన్లు లెక్కలోకి రావు, అందరికీ తెలిసిన మాటలైతే వరసగా 14 పదాల వరకు కలిసినా వదిలేయమన్నారు.

దీంట్లో గమనించాల్సింది ఏంటంటే ఇది పోలిక లెక్క. సాఫ్ట్‌వేర్ మన వాక్యాన్ని తీసుకెళ్లి తన దగ్గరున్న పేపర్లతో, వెబ్ పేజీలతో, పాత థీసిస్‌లతో పోల్చి ఎక్కడ కలిసిందో రంగు వేసి పక్కన మూలం కూడా చూపిస్తుంది. స్టూడెంట్ కావాలంటే ఆ మూలం తెరిచి చూసుకోవచ్చు, కాదు ఇది కోట్ చేసిన ముక్కే అని వాదించుకోవచ్చు. యూజీసీ కింద ఉండే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్లు 2019లో శోధ్‌శుద్ధి పేరుతో యూనివర్సిటీలకి ఇచ్చిన సాఫ్ట్‌వేర్ పని అదే.

ఏఐ శాతం అలా కాదు. అక్కడ మూలం అంటూ ఏమీ ఉండదు, ఎందుకంటే మోడల్ రాసిన వాక్యం అంతకుముందు ఎక్కడా లేదు, అప్పటికప్పుడు పుట్టింది. డిటెక్టర్ చేసేది వాక్యం నడక చూసి ఇది మెషీన్ రాసినట్టుంది అని అంచనా వేయడం. 46 శాతం అని వస్తే, నలభై ఆరు శాతం వాక్యాలు దాని అంచనాకి మెషీన్‌వి అని అర్థం, అంతే తప్ప సాక్ష్యం దొరికిందని కాదు. చాలా డిపార్ట్‌మెంట్లలో జరుగుతున్నది ఏంటంటే ఈ అంచనాని తీసుకెళ్లి 2018 నాటి 10 శాతం మెట్టు మీద కూర్చోబెడుతున్నారు. ఆ రెగ్యులేషన్ వచ్చేనాటికి చాట్‌జీపీటీ పుట్టనే లేదు, ఏఐ శాతం అనే మాటే అందులో లేదు. ఇలాంటి చెకింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే టర్నిటిన్ అయితే ఏఐ స్కోర్ 20 లోపు వస్తే అంకె చూపించకుండా నక్షత్రం గుర్తు (*) పెడుతుంది, అంత కింది స్కోర్లలో తప్పు పట్టే అవకాశం ఎక్కువని కంపెనీయే చెప్తోంది. అలాంటప్పుడు పది శాతం లోపే ఉండాలి అని నోటీస్ బోర్డులో పెట్టడం, కనపడని అంకెకి లిమిట్ పెట్టడమే.

కోర్టు దాకా పోయినప్పుడు ఈ లొసుగు బయటపడింది. 2024లో హర్యానాలోని ఒక లా స్కూల్లో ఒక పేపర్‌కి స్టూడెంట్ ఇచ్చిన జవాబులు 88 శాతం ఏఐవి అని ఫెయిల్ చేస్తే అతను పంజాబ్ హర్యానా హైకోర్టుకి వెళ్లాడు, ఏఐ వాడకూడదని రూల్ ఎక్కడుంది, నేను వాడానని రుజువేది అన్నది అతని వాదన. తర్వాత యూనివర్సిటీ అతన్ని పాస్ చేసింది, దాంతో కేసు ముగిసిపోయింది. కాబట్టి ఆ ప్రశ్నకి కోర్టు నుంచి సూటి జవాబు రాలేదు.

డిటెక్టర్‌కి మన ఇంగ్లీష్ మీద అనుమానం ఎందుకు

డిటెక్టర్లు ముఖ్యంగా రెండు చూస్తాయి. తర్వాత వచ్చే పదం ఎంత ఈజీగా ఊహించొచ్చు అన్నది ఒకటి, వాక్యాల పొడుగు ఎంత ఎగుడుదిగుడుగా ఉంది అన్నది రెండు. ఊహించగలిగే పదాలు, ఒకే సైజు వాక్యాలు వరసగా వస్తే మెషీన్ అంటాయి.

ఇప్పుడు మన దగ్గర ఇంటర్ దాకా ఇంగ్లీష్ ఎలా నేర్పుతారో గుర్తు తెచ్చుకుంటే చాలు. ఏ టాపిక్ ఇచ్చినా మొదటి లైన్ నౌ ఎ డేస్ అని, రెండో లైన్ ప్లేస్ ఎ వైటల్ రోల్ అని, చివర్లో హెన్స్ వీ కంక్లూడ్ దట్ అని. బట్టీ పట్టిన ఈ ఇంగ్లీష్‌లో తర్వాత పదం ఏంటో పక్క బెంచీ వాడు కూడా చెప్పేస్తాడు, డిటెక్టర్ చెప్పదా.

దీనికి లెక్క కూడా ఉంది. 2023లో స్టాన్‌ఫర్డ్ రీసెర్చర్లు ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లీష్ పరీక్షకి రాసిన 91 వ్యాసాల్ని ఏడు డిటెక్టర్లకి ఇచ్చి చూశారు. అన్నీ మనుషులు రాసినవే. సగటున 61 శాతం వ్యాసాల్ని మెషీన్ రాసిందన్నాయి, 91లో 89 వ్యాసాల్ని కనీసం ఒక డిటెక్టరైనా తప్పు పట్టింది. అదే అమెరికాలో ఎనిమిదో క్లాస్ పిల్లలు రాసిన వ్యాసాల దగ్గరికొచ్చేసరికి దాదాపు కరెక్ట్‌గా చెప్పాయి. ఇంకా విచిత్రం, ఆ టోఫెల్ వ్యాసాల్నే చాట్‌జీపీటీకి ఇచ్చి పదాలు కొంచెం రిచ్‌గా మార్చమంటే తప్పు పట్టడం 61 నుంచి 12 శాతానికి దగ్గరగా పడిపోయింది. అంటే సొంతంగా రాసినవాడు దొరికిపోయాడు, మెషీన్‌తో మెరుగు పెట్టించుకున్నవాడు తప్పించుకున్నాడు.

చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ కూడా 2023 జనవరిలో ఒక డిటెక్టర్ వదిలింది. వాళ్లు చెప్పిన లెక్క ప్రకారమే అది ఏఐ రాసినవాటిలో 26 శాతాన్నే పట్టుకోగలిగింది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని తప్పుగా ఏఐ అంది. జులైకల్లా తీసేశారు. ఆ తర్వాత నెలలో అమెరికాలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ టర్నిటిన్ ఏఐ డిటెక్టర్‌ని ఆఫ్ చేసింది. డిటెక్టర్లు అప్పటికంటే మెరుగుపడ్డాయి, నిజమే, కానీ ఎదురుగా మోడల్స్ కూడా మెరుగుపడ్డాయి కదా. తప్పు నూటికి ఒకటే అనుకున్నా, ఒక కాలేజీలో ఆరొందల రిపోర్టులు చెక్ చేస్తే సొంతంగా రాసుకున్న ఆరుగురు ఇరుక్కునే అవకాశం ఉంది, వాళ్ల దగ్గర చూపించడానికి రుజువు ఉండదు.

ఈ భయం నుంచి పుట్టిందే హ్యూమనైజర్ బిజినెస్. ఏఐతో రాయించడం, దాన్ని ఇంకో టూల్‌లో వేసి మనిషి రాసినట్టు మార్పించడం, మళ్లీ డిటెక్టర్‌లో వేసి చూసుకోవడం. వీటిలో నాసిరకంవి టెక్నికల్ పదాల్ని కూడా మార్చేస్తాయి. ఈ జబ్బు చాట్‌జీపీటీ కంటే పాతది, మాటలు మార్చి రాసిపెట్టే పారాఫ్రేజ్ టూల్స్ కాలం నుంచే ఉంది. 2021లో కొందరు రీసెర్చర్లు జర్నల్ పేపర్లలో ఇలాంటివి బయటపెట్టారు: ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అనాల్సిన చోట కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్ అని, బ్రెస్ట్ క్యాన్సర్ బదులు బజమ్ పెరిల్ అని. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఆ పేజీ తిప్పితే ఇక చెప్పక్కర్లేదు.

లేని పేపర్‌కి వాల్యూమ్ నంబర్ కూడా ఉంటుంది

ఎవరు రాశారు అన్న గొడవలో పక్కకి పోతున్న విషయం, రాసింది నిజమా కాదా అన్నది. మోడల్‌కి నిజం అబద్ధం అనే ఖానాలు లేవు. చదివిన కోట్ల వాక్యాల్ని బట్టి ఈ పదం తర్వాత ఏ పదం రావడం సహజం అని చూసి పేర్చుకుంటూ పోతుంది. అందుకే ప్రకాశం బ్యారేజీ ఎప్పుడు పూర్తయిందంటే 1957 అని కరెక్ట్‌గా చెప్పేస్తుంది, వేల చోట్ల రాసి ఉన్న విషయం కాబట్టి. అదే బ్యారేజీ కింద ఫలానా కాలవ మీద ఫలానా లాకులు ఏ ఏడు కట్టారు అనడిగితే, ఎక్కడా సరిగ్గా రాసి లేని ప్రశ్న అయినా సరే, అంతే ధీమాగా ఒక ఏడు చెప్పొచ్చు. చెప్పే గొంతులో తేడా ఉండదు, చదివేవాళ్లకి చిక్కు వచ్చేది అక్కడే.

లిటరేచర్ సర్వే, అంటే ఆ టాపిక్ మీద అంతకుముందు వచ్చిన పేపర్లు చెప్పే చోట, ఇది బాగా కొడుతుంది. అగ్రికల్చర్ స్టూడెంట్ ఒకరు 2021-22లో గుంటూరు వైపు మిర్చిని ముంచేసిన నల్ల తామర పురుగు మీద ఐదు పేపర్లు చెప్పమని, వెబ్ సెర్చ్ లేని మోడల్‌ని అడిగారనుకుందాం. రెడ్డి, రావు లాంటి ఇంటిపేర్లతో రచయితలు, నిజంగా ఉన్న జర్నల్ పేరు, వాల్యూమ్, పేజీ నంబర్లు, చివర్లో డీఓఐ (పేపర్‌ని నెట్‌లో తెరిచే గుర్తింపు నంబర్), అన్నీ వచ్చేస్తాయి. డీఓఐని బ్రౌజర్లో వేస్తే ఒక్కోసారి అసలు తెరుచుకోదు, ఒక్కోసారి ఏ రొయ్యల చెరువుల పేపరో తెరుచుకుంటుంది. జర్నల్ నిజం, ఏడు నమ్మేలా ఉంది, పేపర్ మాత్రం లేదు. వెబ్ సెర్చ్ ఉన్న మోడల్ అయితే ఈ రకం తగ్గుతుంది కానీ ఇంకో రకం వస్తుంది: లింక్ నిజమే, తెరిస్తే మోడల్ చెప్పిన మాట అందులో ఉండదు. కాబట్టి డీఓఐ తెరుచుకుందా అని ఒకసారి, తెరుచుకున్న పేపర్ అబ్‌స్ట్రాక్ట్‌లో ఆ మాట ఉందా అని ఇంకోసారి చూడాల్సిందే.

అదే స్టూడెంట్ లాం ఫారం మిర్చి రకం ఎల్‌సీఏ 334 మీద పురుగు మందు డోసు అడిగితే పరిస్థితి ఇంకా సీరియస్. లీటర్ నీటికి ఎన్ని మిల్లీలీటర్లు, ఎకరాకి ఎంత అనేవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతే రిపోర్టులో అది చిన్న తప్పే, చేలో కాదు. ఇలాంటి అంకెలకి యూనివర్సిటీ వాళ్ల సిఫార్సు, డబ్బా మీద లేబుల్ తప్ప ఇంకోటి నమ్మడానికి లేదు.

పెద్దవాళ్లు కూడా ఇందులో పడ్డారు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన, అసలు లేనే లేని తీర్పుల్ని కోర్టులో పెట్టి 5,000 డాలర్లు ఫైన్ కట్టారు. 2024 మార్చిలో ఎల్సెవియర్ అనే పెద్ద పబ్లిషర్ జర్నల్లో వచ్చిన ఒక పేపర్, తప్పకుండా, మీ టాపిక్‌కి ఇంట్రడక్షన్ ఇదిగో అన్న చాట్‌బాట్ మాటతోనే మొదలైంది. రివ్యూవర్లు, ఎడిటర్లు దాటుకుని ప్రింట్ దాకా వచ్చింది అది.

చాట్ డబ్బాలో పేస్ట్ చేసింది ఎక్కడికి పోతుంది

ఈ మూడింట్లో ఎవరూ పట్టించుకోనిది ఇదే, వెనక్కి తీసుకోలేనిది కూడా ఇదే. ఫ్రీ అకౌంట్లో టైప్ చేసింది కంపెనీ సర్వర్‌కి వెళ్తుంది, మామూలు సెట్టింగుల్లో చాలావరకు మోడల్ ట్రైనింగ్‌కి వాడుకునే అవకాశం ఉంటుంది. చాట్‌జీపీటీలో సెట్టింగ్స్ లోకి వెళ్లి డేటా కంట్రోల్స్‌లో ట్రైనింగ్ ఆఫ్ చేయొచ్చు, టెంపరరీ చాట్ అని కూడా ఒకటుంది, అది హిస్టరీలో ఉండదు కానీ 30 రోజుల వరకు వాళ్ల దగ్గర ఉండొచ్చు. జెమినిలో కొన్ని చాట్లని మనుషులే చదివి రివ్యూ చేస్తారని, అలా చదివినవి మూడేళ్ల దాకా ఉంచుతామని గూగులే రాసింది. యూనివర్సిటీ కొనే ఎడ్యుకేషన్ వెర్షన్లలో మామూలుగా ట్రైనింగ్‌కి వాడరు. ఫోన్ రీఛార్జ్‌తో వచ్చిన ప్రో ప్లాన్ డబ్బులు కట్టే ప్లానే అయినా అది పర్సనల్ అకౌంటే, కాలేజీ ఒప్పందం కిందకి రాదు. ఇక్కడ చాలామంది పొరపాటు పడుతున్నారు.

జరిగినవి చూస్తే అర్థమవుతుంది. 2023 మార్చిలో ఒక బగ్ వల్ల చాట్‌జీపీటీలో కొంతమందికి వేరేవాళ్ల చాట్ టైటిల్స్ కనపడ్డాయి. అదే ఏడాది సామ్‌సంగ్ ఉద్యోగులు కంపెనీ సోర్స్ కోడ్‌ని పేస్ట్ చేశారని తెలిసి మే నెలకల్లా ఆ కంపెనీ ఇలాంటి టూల్స్‌ని నిషేధించింది. 2025 వేసవిలో షేర్ లింక్ పెట్టిన చాట్లు కొన్ని గూగుల్ సెర్చ్‌లో తేలాయి, లింక్ పంపేటప్పుడు ఒక టిక్ పెట్టడం వల్ల, ఆ టిక్ దేనికో చదవకపోవడం వల్ల. మన ఫైనాన్స్ మినిస్ట్రీ కూడా 2025 జనవరిలో ఆఫీస్ కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడొద్దని స్టాఫ్‌కి చెప్పింది.

కాలేజీ లెవెల్లో పేస్ట్ అయ్యేవి ఇంకా మామూలుగా కనిపిస్తాయి, అందుకే ఆలోచించరు. ఎంబీఏ ప్రాజెక్ట్ సర్వేలో జనాల పేర్లు ఫోన్ నంబర్లతో ఉన్న ఎక్సెల్ షీట్. హౌస్ సర్జన్ సమ్మరీ రాయించుకోవడానికి ఫొటో తీసి పెట్టిన కేస్ షీట్. ఇంటర్న్‌షిప్ కంపెనీ కోడ్, అందులోనే పాస్‌వర్డ్ లాంటి ఏపీఐ కీ. లెక్చరర్ అయితే రోల్ నంబర్లతో మార్కుల లిస్ట్, లేదా ఇంకా పబ్లిష్ కాని రీసెర్చ్ స్కాలర్ చాప్టర్. వీటిలో చాలావాటికి పని ఆగకుండానే దారి ఉంది: పేర్లు, నంబర్లు, రోల్ నంబర్లు ఉన్న కాలమ్స్ తీసేసి ఏ1, ఏ2 అని పెట్టి మిగతా షీట్ ఇస్తే ఎనాలిసిస్ అలాగే వస్తుంది. అదీ కుదరని డేటా అయితే ల్యాబ్ మెషీన్‌లోనే చిన్న ఓపెన్ మోడల్ దింపుకుని నెట్ తీసేసి వాడొచ్చు, స్లోగా ఉంటుంది కానీ బయటికి ఏమీ పోదు. టెలిగ్రామ్‌లో అమ్మే షేర్డ్ ప్రీమియం అకౌంట్ల సంగతైతే చెప్పనే అక్కర్లేదు, ఆ లాగిన్ కొన్న ప్రతివాడికీ మిగతావాళ్ల చాట్ హిస్టరీ తెరిచే ఉంటుంది.

చట్టం వైపు చూస్తే డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ యాక్ట్ 2023 ఆగస్టులో వచ్చింది, రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువు ఇచ్చారు. పెనాల్టీ గరిష్ఠంగా 250 కోట్ల వరకు ఉంది. స్టూడెంట్ల డేటా పోగేసే కాలేజీ కూడా ఈ చట్టం కిందకి వస్తుంది. ఇంకో మెలిక, 18 నిండనివాళ్లని చట్టం పిల్లల కింద లెక్కేస్తుంది, వాళ్ల డేటాకి మామూలుగా పేరెంట్ అనుమతి కావాలి. బీటెక్ ఫస్టియర్లో చేరేవాళ్లలో చాలామందికి పదిహేడేళ్లే.

తెలుగులో వాడేవాళ్ల సంగతి

మోడల్ అక్షరాల్ని చూడదు, టోకెన్లు అనే ముక్కల్ని చూస్తుంది. తెలుగుకి ఈ ముక్కలు చాలా ఎక్కువ పడేవి. 2024 మేలో జీపీటీ 4ఓ వచ్చినప్పుడు ఓపెన్‌ఏఐ చూపించిన శాంపిల్లో అదే తెలుగు వాక్యానికి పాత పద్ధతిలో 159 టోకెన్లయితే కొత్తదాంట్లో 45 అయ్యాయి. బాగా మెరుగే, అయినా అక్షరం కనపడదు అన్నది అలాగే ఉంది. ఎంఏ తెలుగు స్టూడెంట్ ఉత్పలమాల రాయమంటే భ ర న భ భ ర వ గణాలు అని సూత్రం తడుముకోకుండా చెప్తుంది, కింద రాసిన పద్యంలో మాత్రం ప్రాస తప్పొచ్చు, పదో అక్షరం దగ్గర యతి కూడా ఉండకపోవచ్చు. సూత్రం కరెక్ట్‌గా చెప్పింది కదా అని పద్యాన్ని నమ్మితే దొరికిపోతారు.

ముందు ముందు ఏం జరగొచ్చు

పూర్తిగా నిషేధించడం అయ్యే పని కాదు, ఇంటికెళ్లి ఫోన్లో వాడితే చూసేదెవరు. డిటెక్టర్ స్కోర్ మీద మార్కులు కోయడం మొదలెడితే ఆ వాదన హర్యానా కేసులోలాగే రుజువేది అన్న దగ్గర ఆగుతుంది. మిగిలేది పని జరిగిన తీరు చూడటం. గూగుల్ డాక్స్‌లో రాస్తే వెర్షన్ హిస్టరీలో ఏ రోజు ఎంత రాశారో ఉంటుంది, కోడ్ అయితే గిట్‌హబ్ కమిట్లు, అంటే మార్పు సేవ్ చేసినప్పుడల్లా పడే రికార్డులు ఉంటాయి, మూడు నెలల ప్రాజెక్ట్ ఒకే రాత్రి ఒకే ముద్దగా వచ్చి పడిందా లేక వారం వారం మారిందా అన్నది అక్కడ తెలుస్తుంది. తప్పుగా ఇరుక్కున్న స్టూడెంట్‌కి కూడా ఇది రుజువుగా పనికొస్తుంది. ఇంకోటి వైవా, మీ రిపోర్టులో నలభయ్యో పేజీ గ్రాఫ్ ఎందుకు కిందకి దిగింది అని ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. అయితే దీనికి లెక్చరర్ల టైమ్ కావాలి, ఒక గైడ్ కింద పదేసి బ్యాచ్‌లు ఉన్న చోట వైవా అనేది సంతకం పెట్టే కార్యక్రమంగా మారిపోయి చాలాకాలమైంది. డిటెక్టర్ మీద కాలేజీలకి ఇంత మోజు ఉండటానికి అసలు కారణం కూడా అదే అనిపిస్తుంది, మనిషి టైమ్ కంటే సాఫ్ట్‌వేర్ చవక.

పెద్ద జర్నల్స్ 2023 నుంచే ఏఐని రచయితగా ఒప్పుకోం, వాడితే ఎక్కడ వాడారో రాయండి అంటున్నాయి. రేపు ప్రాజెక్ట్ రిపోర్టుల్లో సర్టిఫికెట్, అక్నాలెడ్జ్‌మెంట్ పేజీల తర్వాత అలాంటి పేజీ ఒకటి రావడం కష్టమేమీ కాదు. అది పనిచేస్తుందా లేదా అనేది మొదటి బ్యాచ్‌తోనే తేలిపోతుంది, గ్రామర్ దిద్దించుకున్నాను అని నిజం రాసినవాళ్లకి మార్కులు తగ్గి, ఏమీ వాడలేదు అని రాసినవాళ్లకి తగ్గకపోతే రెండో ఏడాది ఆ పేజీలో అందరూ ఒకే వాక్యం కాపీ కొడతారు.